మునిరత్నం బావ ఎత్తిన జెండా

మా బావ మునిరత్నం పోయిన నాలుగు నెలలకు మదనపల్లెలో వాళ్లింటికి వెళ్లినప్పుడు, మా అక్క సరోజ బీరువా అడుగు నుంచి ఒక వీడియో క్యాసెట్టు తీసి నా చేతిలో పెట్టింది. పాత వారపత్రిక కాగితంలో చుట్టి, దాని మీద మళ్లీ ప్లాస్టిక్ సంచి చుట్టి ఉంది. "దీన్ని ఇప్పటి టీవీలో వచ్చేట్టు చేయించుకోని రాప్పా. ఆయన్ని ఒకసారి పరిగెత్తంగా సూడాలని ఉండాది" అంది. చివరి రెండేళ్లు బావ మంచం మీదే ఉన్నాడు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. ఆ రెండేళ్లూ అక్క కళ్లలో ఎంతగా నిలిచిపోయాయంటే, అంతకు ముందరి మనిషి ఎట్లా ఉండేవాడో ఎంత తలుచుకున్నా గుర్తుకు రావడం లేదట. సరేనని తీసుకున్నాను. కాని ఆ క్యాసెట్టు మళ్లీ నా చేతికి రావడం నాకు ఇష్టం లేకపోయింది. మా ఊరి ఇంట్లో దాన్ని చివరిసారి ఆడించింది నేనే. ఆ రోజు నేను చేసిన పని మాట బావ బతికి ఉన్నన్నాళ్లూ ఆయన ముందు ఎత్తలేదు.

పెళ్లి క్యాసెట్లు మార్చి ఇచ్చే స్టూడియో ఒకటి మదనపల్లెలో ఇంకా ఉంది. అక్కడి మనిషి క్యాసెట్టు మూత తెరిచి, టేపు మీద పట్టిన తెల్లటి బూజు చూపించి, రెండు రోజులు పడుతుందన్నాడు. "పెండ్లిదా సార్?" అని అడిగాడు. ఫుట్‌బాల్ మ్యాచి అన్నాను. "అట్లాటివన్నీ ఇప్పుడు ఫోన్లోనే వస్తాయి గద సార్, యాల ఇంత తిప్పలు?" అన్నాడు. ఇది రాదని చెప్పాను.

జీతాలిచ్చి ఆడించే క్లబ్బులతో దేశంలో పెద్ద లీగు మొదలైన కొత్తరోజుల్లో, బెంగుళూరులో జరిగిన మ్యాచి అది. ఒక జట్టు కలకత్తాది. ఇంకొకటి బెంగుళూరులోని ఏదో ఫ్యాక్టరీది. మా బావ ఆ రెండు జట్లలోనూ లేడు. ఆయన లైన్‌మన్. నల్ల చొక్కా, నల్ల నిక్కరు వేసుకుని, చేతిలో చిన్న జెండాతో మైదానం పక్కగీత వెంబడి పరుగెత్తే మనిషి. బావది కుప్పం. వాళ్ల నాయన సరిహద్దుకు అవతల బంగారు గనుల్లో పనిచేసేవాడు. అక్కడి కూలీల ఇళ్ల వరసల మధ్య మైదానాల్లోనే బావకు ఈ ఆట అబ్బింది. తరువాత పుంగనూరులో ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా చేరి, బెంగుళూరు పోయి రిఫరీ పరీక్షలు రాశాడు. మ్యాచి ఉందని ఉత్తరం వస్తే ముందురోజే కుప్పం చేరి, వాళ్లమ్మ దగ్గర పడుకుని, తెల్లవారి రైలెక్కేవాడు. ఆయన లైన్‌మన్ అని అక్క పెళ్లప్పుడు ఎవరో చెప్పగా విని, మా ఊరివాళ్లు ఇద్దరు ముగ్గురు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందని చెప్పుకోవడానికి ఇంటికి వచ్చారు.

మా ఊరు పుంగనూరు నుంచి సోమలకు పోయే దారిలో ఉంది. మాది మెట్టసేద్యం. వేరుశనగ, కొంత టమోటా, బావి కింద ముక్కాలెకరం మల్బరీ తోట. ఆ రోజుల్లో మా ఇంట్లో అందరికన్నా ఎక్కువ మర్యాద పట్టుపురుగులకే దక్కేది. నడవాలో గోడ వెంబడి వెదురు తట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉండేవి. నాలుగో జ్వరం లేచాక, అంటే నాలుగోసారి కుబుసం విడిచాక, అవి ఆకు తినే చప్పుడు రేకుల మీద సన్నటి వాన పడుతున్నట్టు ఇల్లంతా వినిపించేది. ఆకు వాసన, పురుగు వాసన, గచ్చు మీద చల్లిన సున్నం వాసన మా బట్టలకు పట్టి, కాలేజీలో పక్కన కూర్చున్న పిల్లవాడు ముక్కు చిట్లించేవాడు. మా నాయన బీడీ తాగి వచ్చినవాడెవడైనా సరే, చేతులు కడుక్కోనిదే గడప దాటనిచ్చేవాడు కాదు. మా అమ్మ అగరొత్తులు వెలిగించడం కూడా మానేసింది. ఆ తట్టల ఎదురుగా కొయ్యపెట్టె మీద టీవీ ఉండేది. బెంగుళూరులో సెకండ్‌హ్యాండుకు దొరికిందని క్యాసెట్లు ఆడించే మిషన్ ఒకటి బావే తెచ్చిచ్చాడు. మ్యాచిని రికార్డు చేసిచ్చింది ఆయన తోటి రిఫరీ ఒకాయన.

ఆదివారాలు అక్కా, బావా పుంగనూరు నుంచి బస్సులో వచ్చేవాళ్లు. బావ వచ్చీరాగానే లుంగీ కట్టుకుని ఆకు కోయడానికి తోటలోకి దిగేవాడు. అల్లుడు పని చేయడం బాగుండదని అమ్మ అంటే, "పురుగుకు తెలుసునా అత్తా, అల్లుడెవరో కొడుకెవరో" అనేవాడు. పని అయ్యాక బూట్లు వేసుకుని మేకల మంద పక్కన పరుగు మొదలుపెట్టేవాడు. లైన్‌మన్ ముఖం మైదానం వైపు ఉంచి పక్కకు పరుగెత్తాలి. ఆఖరు నుంచి రెండో ఆటగాడికి ఎప్పుడూ సమానంగా ఉండాలి. మా ఊళ్లో మైదానం లేదు, ఆటగాళ్లు లేరు. కాబట్టి చేనిగట్టు మీద పక్కకు పరుగెత్తుతూ ఆఖరు నుంచి రెండో మేకకు సమానంగా ఉండేవాడు. మేక నిలబడితే నిలబడేవాడు. అది వెనక్కి తిరిగితే ఆయనా తిరిగేవాడు. కంపచెట్టు నీడన పుస్తకం పెట్టుకుని కూర్చున్న నేను అది చూసి నవ్వుకునేవాణ్ణి. ఆ దారిన పోయే ఆడవాళ్లు, "సరోజమ్మా, మీ ఆయన్ను మేక తరుముతాండాదా, మేకను మీ ఆయన తరుముతాండాడా?" అని అడిగేవాళ్లు. అక్క నవ్వేది. బావా నవ్వేవాడు గాని చూపు మేక మీది నుంచి తీసేవాడు కాదు.

మా ఇంట్లో ఎవరికీ ఫుట్‌బాల్ తెలియదు. మేము ఆ క్యాసెట్టు ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు గాని, ఒక్కసారి కూడా బంతిని చూడలేదు. తెర పైఅంచున బావ ఎప్పుడు కనిపిస్తాడా అని చూసేవాళ్లం. కెమెరా అటు తిరిగితే అమ్మ "అద్దో" అనేది. ఇటు తిరిగితే అందరం ఊరికే కూర్చునేవాళ్లం. మా నాయన మాత్రం ఒక అభిప్రాయానికి వచ్చాడు. బావ జెండా ఎత్తగానే ఇరవై రెండు మందీ ఆగిపోతున్నారు, విజిలు ఉన్న మనిషి కూడా ఆ జెండా చూశాకే ఊదుతున్నాడు, కాబట్టి ఆ మైదానంలో అందరి కన్నా పెద్ద తన అల్లుడే. పట్టుగూళ్లు కొనడానికి వి.కోట నుంచి వచ్చే వ్యాపారికి, చుట్టాలకు, ఆఖరికి పట్టుపురుగులను చూసిపోవడానికి వచ్చిన ఆఫీసు మనిషికి కూడా ఆ మ్యాచి చూపించాడు. "సూడండప్పా, వాళ్లంతా కలకత్తావోళ్లు. మావోడు చెయ్యెత్తితే యాడోళ్లాడ నిలబడిపోతారు" అనేవాడు. "లేదు మామా, మధ్యలో ఉండేటాయన్దే అధికారం. నేను సాయంగా ఉండేటోణ్ణి" అని బావ అంటే, "నువ్వు పెద్దోళ్ల మాదిరి తగ్గి మాట్లాడతావులే" అని కొట్టిపారేసేవాడు. డ్రిల్లు సారుకు పిల్లనిచ్చావేమిటని పెళ్లప్పుడు అన్నవాళ్లకు మా నాయన చెప్పిన జవాబు ఆ క్యాసెట్టు.

ఆ జవాబులో నాకూ ఒక వాటా ఉండేది, అది నాకు నచ్చేది కాదు. నేను మదనపల్లెలో డిగ్రీ చదువుతూ శని ఆదివారాలు ఇంటికి వచ్చేవాణ్ణి. ఆకు కోయమంటే చేతులు కోసుకునేవాణ్ణి. తట్టలు మార్చమంటే పురుగులు నలిపేవాణ్ణి. "పుస్తకాలు సదివితే ఏమొస్తాది? మీ బావను సూడు, టీవీలో వస్తాండాడు" అని నాయన పదిమందిలో అనేవాడు. బావ మీద నాకు కోపం ఉండకూడదని తెలుసు. నన్ను ఒక్క మాట అనని మనిషి ఆయన. లైబ్రరీ పుస్తకం పోగొట్టుకుంటే నాయనకు తెలియకుండా పుంగనూరులో వెతికి కొనిచ్చాడు. అయినా కోపం ఉండేది.

మ్యాచి చివర్లో, ఆట ముగియడానికి కొద్ది నిమిషాల ముందు, బెంగుళూరు జట్టువాడు ఒక గోలు వేస్తాడు. బావ జెండా ఎత్తి ఉంటాడు. గోలు చెల్లదు, బెంగుళూరు ఓడిపోతుంది. గ్యాలరీలోంచి నీళ్ల పొట్లాలు, చెప్పులు వచ్చి బావ చుట్టూ పడతాయి. ఆయన కదలకుండా నిలబడి ఉంటాడు. మా ఇంట్లో అందరికీ నచ్చిన ఘట్టం అదే. ఇంగ్లిషులో వ్యాఖ్యానం చెప్పే మనిషి ఆ చోట, ఈ నిర్ణయం నాకు అనుమానంగానే ఉంది అని ఒక మాట అంటాడు. మా ఇంట్లో ఆ మాట అర్థమయ్యేది ఇద్దరికే, బావకూ నాకూ. నేను కాలేజీ లైబ్రరీలో ఆటల నియమాల పుస్తకం వెతికి పట్టుకున్నాను. ఆఫ్‌సైడ్ గురించి ఉన్న పేజీ నిలబడే చదివాను. బంతి అందుకునేవాడికీ గోలు గీతకూ మధ్య ఎదుటి జట్టువాళ్లు కనీసం ఇద్దరుండాలి. గోల్‌కీపరు ఒకడు, ఇంకొకడు. లేకపోతే తప్పు. నాకు అంతే కావలసింది. పుస్తకం మూసేశాను.

ఆ ఆదివారం సోమల నుంచి మా పెదనాయన, ఆయన ఇద్దరు కొడుకులు వచ్చారు. మధ్యాహ్నం సంగటి తిని అందరూ నడవాలో కూర్చున్నారు. నాయన నాతో క్యాసెట్టు పెట్టించాడు. ఆ ఘట్టం వచ్చింది. "ఇప్పుడు సూడన్నా" అన్నాడు నాయన. నేను లేచి వెళ్లి మిషన్ మీది మీట నొక్కాను. బొమ్మ వణుకుతూ ఆగిపోయింది. బెంగుళూరు ఆటగాడి కాలి దగ్గర బంతి ఉంది. అతనికీ గోలుకూ మధ్య కలకత్తావాడొకడు ఉన్నాడు, వాడి వెనక కీపరు ఉన్నాడు. నేను తెర మీద వేలు పెట్టి చూపించాను. "ఒకడు, ఇద్దరు. ఇద్దరుంటే అది తప్పు కాదు. ఆ గోలు ఇయ్యల్ల. బావ ఎత్తకూడని దానికి జెండా ఎత్తినాడు" అన్నాను. పుస్తకంలో ఏ పేజీలో ఉందో కూడా చెప్పాను.

నాయన బావ వైపు తిరిగి, "నిజమేనా మునిరత్నం?" అన్నాడు. అంతకు ముందు ఆయన బావను పేరుపెట్టి పిలవడం నేను వినలేదు. ఎప్పుడూ అల్లుడా అనే పిలిచేవాడు. బావ తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు. నా వేలు ఇంకా తెర మీదే ఉంది. "వాడు పుస్తకం సూసి చెప్తాండాడు గద మామా. సరిగ్గానే ఉంటాది" అన్నాడు.

మా పెదనాయన తొడ చరుచుకున్నాడు. "అయితే జెండా ఆయప్ప ఎత్తలేదురా, గాలికి లేసింది" అన్నాడు. ఆయన కొడుకులు పడి పడి నవ్వారు. నాయన నవ్వలేదు. లేచి టీవీ ఆపేశాడు. బావ ఆకు కోయాలని లేచి తోటకు వెళ్లాడు. అక్క గడపలో నిలబడి నన్ను చూస్తూ ఉంది. నేను ఆ చూపు పట్టించుకోలేదు. పెదనాయన నా భుజం తట్టి, "సదువంటే ఇది" అని నాయనతో అన్నాడు. ఆ మాట కోసం నేను ఎన్నాళ్లు కాచుకుని ఉన్నానో నాకే తెలుసు.

తరువాత మా ఇంట్లో ఆ క్యాసెట్టు ఎవరికీ చూపించలేదు. ఒక ఆదివారం బావ అడిగి తీసుకుపోయాడు. కాని పెదనాయన మొదలుపెట్టిన ఎగతాళి మాత్రం మిగిలిపోయింది. బావ ఏదైనా చెప్పబోతే మా నాయన, "అప్పుడే ఎత్తేసినావా జెండా" అనేవాడు. వానాకాలంలో ఒకసారి, "ఆకు తడిగా ఉండాది మామా. ఆరినాక వేద్దాం. తడాకు తింటే పురుగుకు రోగమొస్తాది" అని బావ అంటే, "ఆఫ్‌సైడా?" అన్నాడు నాయన. ఆ ఇంగ్లిషు మాట ఆయన నేర్చుకున్నది నా దగ్గరే. అందరూ నవ్వారు. బావ కూడా నవ్వి, ఆ తడి ఆకే తట్టల్లో పరిచాడు. ఆ పంట పోయింది. తడి ఆకు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. అంతకు ముందు బోరు ఎక్కడ వేయాలన్నా, తోటకు ఎప్పుడు నీళ్లు పెట్టాలన్నా నాయన బావను అడిగేవాడు. తరువాత అడగడం మానేశాడు. బావ ఆదివారాలు వచ్చేవాడు, ఆకు కోసేవాడు, అడిగితే తప్ప మాట్లాడేవాడు కాదు. మేకల పక్కన పరుగు ఎప్పుడు ఆగిపోయిందో నాకు గుర్తులేదు. పెద్ద మ్యాచీలకు రమ్మని ఉత్తరాలు రావడం ఆగిపోయిందో, వచ్చినా ఆయన వెళ్లలేదో కూడా నాకు తెలియదు. అడగలేదు.

నాకు ఉద్యోగం వచ్చింది. పెళ్లయింది. అక్కావాళ్లు బదిలీ మీద మదనపల్లె వచ్చి అక్కడే ఇల్లు కట్టుకున్నారు. నేను ఆ ఊరు మీదుగా ఎప్పుడు పోయినా వాళ్లింట్లో దిగేవాణ్ణి. బావ నాకు కాఫీ తనే కలిపి తెచ్చేవాడు. నేను చదువుతున్న పుస్తకాల గురించి అడిగేవాడు. ఆ సంగతి మాత్రం మా మధ్య రాలేదు. ఆయన మరిచిపోయాడనే అనుకున్నాను. అట్లా అనుకోవడం నాకు సులువుగా ఉండేది. తరువాత నాయన పోయాడు, పెదనాయన పోయాడు. మల్బరీ తోట తీసేసి టమోటా పెట్టాం. తట్టలన్నీ పొయ్యిలోకి పోయాయి. ఇప్పుడు ఆ నడవాలో కూర్చుంటే ఏ చప్పుడూ ఉండదు. ఏదో విందామని చెవి పెట్టి, ఏమీ వినిపించక, నేనే గొంతు సవరించుకుంటాను.

స్టూడియోవాడు చిన్న పెన్‌డ్రైవ్‌లో మ్యాచి ఎక్కించి ఇచ్చాడు. ఒక ఉదయం అక్కింట్లో టీవీకి తగిలించాను. రంగులు వెలిసిపోయి, గడ్డి నీలంగా కనిపిస్తోంది. అక్క కుర్చీ దగ్గరికి లాక్కుని, సౌండు తగ్గించమంది. బావ తెర పైఅంచున అడ్డంగా పరుగెత్తుతూ వచ్చి, ఆగి, మళ్లీ పరుగెత్తి వెళ్లిపోతున్నాడు. సన్నటి నల్లటి మనిషి. ముఖం కనబడదు. "ఎంత తేలిగ్గా పోతాండాడు సూడు. కుడికాలు ముందరేస్తాండాడు" అంది అక్క. ఆ కాలికి ఆమె రెండేళ్లు నూనె రాసింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఇంగ సాలు. పొయ్యి మీద పప్పుండాది" అని లేచి వంటింట్లోకి వెళ్లింది.

నేను ఆపలేదు. ఆ ఘట్టం వచ్చేదాకా కూర్చున్నాను. ఒకప్పుడు ఆపిన చోటే ఆపాలని రిమోట్ పట్టుకున్నాను కాని, అంతకు ముందే మీట నొక్కేశాను. బంతిని మైదానం మధ్య నుంచి బెంగుళూరువాడే ఒకడు తన్నాడు. అది ఇంకా గాలిలోనే ఉంది. బెంగుళూరు ఆటగాడు దాని కోసం పరుగెత్తుతున్నాడు, ఇంకా అందుకోలేదు. బావ జెండా మాత్రం అప్పటికే పైకి లేచి ఉంది. నేను తప్పు పట్టింది బంతి అందుకున్న క్షణాన్ని. ఆ క్షణం ఇంకా రాకముందే ఈయన దేన్ని చూసి ఎత్తాడు? వెనక్కి తిప్పాను. బంతిని తన్నిన చోట ఆపాను. ఇప్పటి టీవీలో బొమ్మ వణకదు. తన్నిన క్షణాన బెంగుళూరు ఆటగాడు అందరికన్నా ముందు ఉన్నాడు. అతని ముందు కీపరు తప్ప ఎవరూ లేరు. నేను వేలుపెట్టి చూపించిన ఆ కలకత్తావాడు, బంతి గాలిలో ఉన్నంతసేపూ వెనక్కి పరుగెత్తి, ఆటగాడిని దాటి, గోలు ముందుకు చేరుకున్నాడు.

ఫోన్లో నియమం వెతికాను. ఆ రోజు లైబ్రరీలో చదివిన పేజీలోనే ఆ వాక్యం కూడా ఉండి ఉంటుంది. ఎవరు ఎక్కడున్నారన్నది సహచరుడు బంతిని తన్నిన క్షణానికి చూడాలి, అందుకున్న క్షణానికి కాదు. ఇప్పుడు మ్యాచీల్లో తెర మీద గీతలు గీసి చూపిస్తున్నారు, తప్పొప్పులు తేల్చడానికి పదిమంది కూర్చుంటున్నారు. ఆ రోజు ఆ మైదానంలో దాన్ని చూసింది ఒక్క మనిషి. చెప్పులు చుట్టూ పడుతున్నా జెండా దించకుండా నిలబడింది ఆయనే. మా నడవాలో దించాడు.

వంటింట్లోకి వెళ్లాను. అక్క పప్పు ఎనుపుతోంది. ఎట్లా చెప్పాలో తెలియక, పొయ్యిగట్టు మీద టమోటాలు మూడు పెట్టి, ఇది కీపరు, ఇది ఆటగాడు అని మొదలుపెట్టాను. అక్క ఎనపడం ఆపి చూసింది.

"నాకు తెలుసులేప్పా" అంది. "ఆ పొద్దు బస్సులోనే చెప్పినాడు. టిక్కెట్టు చీటీ మీద బొమ్మేసి సూపించినాడు. తన్నేటప్పుడు సూడల్లంట."

"మరి ఆడ యాల చెప్పలేదక్కా? నాయన అడిగె గదా."

"నేనూ అదే అడిగితి. అందర్లో వాణ్ణి తప్పుపడితే మామ వాణ్ణి ఇంగ బతకనియ్యడు అన్నాడు. సదివేటోడు గదా, రేపోమాపో వాడే కనుక్కోనొస్తాడు అన్నాడు." అక్క మళ్లీ పప్పుగుత్తి అందుకుంది. "శానా దినాలు సూసినాడు. నువ్వొస్తాండావని ఫోనొస్తే ఆ క్యాసెట్టు తీసి ముందర రూములో టీపాయి మీద పెట్టేటోడు. ఇయ్యాల అడుగుతాడేమో సూద్దాం అనేటోడు. నువ్వు పోయినాక మళ్లా లోపల పెట్టేది నేనే."

నాకు ఆ టీపాయి గుర్తుంది. దాని మీద నల్లటి పెట్టె లాంటిది ఒకటి ఉండేదని కూడా గుర్తుంది. వచ్చినప్పుడల్లా బండి తాళాలు ఆ పెట్టె మీదే పెట్టేవాణ్ణి. బావ కాఫీ తెచ్చి, తాళాలు పక్కకు జరిపి, గ్లాసు దాని పక్కన పెట్టేవాడు.